బయట 38, మీటర్‌లో మైనస్ 40: సెన్సార్ కొనే ముందు కప్లర్ చూడండి

మీరు అడిగింది ఇదీ. ఏడేళ్ళ డీజిల్ సెడాన్, ఆటోమేటిక్ ఏసీ. నెల క్రితం ముందు బంపర్‌కి దెబ్బ తగిలితే ఊడదీసి రంగు వేయించారు. వారం తర్వాత నుంచి మీటర్‌లో బయటి టెంపరేచర్ మైనస్ 40 అని చూపిస్తోంది, మధ్యమధ్యలో మామూలుగా 37, 38 కూడా చూపిస్తోంది. మైనస్ చూపించినప్పుడల్లా ఏసీలోంచి వేడిగాలే వస్తోంది. ఒక షాపులో గ్యాస్ తగ్గిందని నింపారు. ఇంకో షాపులో బయటి టెంపరేచర్ చూసే సెన్సార్ మార్చాలి, అవసరమైతే ఏసీ మాడ్యూల్, అంటే ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె కూడా మార్చాలన్నారు. నిజంగా సెన్సారే పోయిందా, ఇంట్లో తేల్చుకునే దారి ఉందా అని మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ సెన్సార్ బాగానే ఉండి ఉంటుంది. దానికి వెళ్ళే రెండు వైర్లలో ఒకటి ఎక్కడో వదులైంది. చాలావరకు బంపర్ ఊడదీసిన చోటే. గ్యాస్ వల్ల ఆ అంకె మారదు. మాడ్యూల్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఇంట్లో తేల్చుకోవచ్చు, దానికి మూడొందల రూపాయల మల్టీమీటరు, గుప్పెడు ఐసుముక్కలు చాలు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా కార్ల వైరింగు, ఏసీ పని చేస్తున్నాను. ఈ కంప్లయింటుతో నా దగ్గరికొచ్చిన బళ్ళలో సెన్సార్ నిజంగా చచ్చిపోయినవి తక్కువే. కప్లర్ (వైర్లని సెన్సార్‌కి తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) పిన్నులు పట్టకపోవడం, ఎలకలు వైరు కొరకడం, సెన్సార్‌ని పెట్టాల్సిన చోట కాకుండా ఎక్కడో కట్టేయడం, ఇవే ఎక్కువ. ఈ చిన్న వస్తువు పేరు చెప్పి గ్యాస్ నింపించుకున్నవాళ్ళనీ, ఏకంగా కంప్రెసర్ మార్పించుకుని కూడా అదే వేడిగాలితో వచ్చినవాళ్ళనీ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మైనస్ 40 అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది

ఆ సెన్సార్ లోపల ఉండేది మినపగింజంత థర్మిస్టరు. వేడెక్కితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. మాడ్యూల్ తన లోపలున్న ఒక రెసిస్టరు గుండా 5 వోల్టులు పంపి, సెన్సార్ దగ్గర ఎంత వోల్టేజీ మిగిలిందో చూస్తుంది. ఎక్కువ మిగిలితే చలి, తక్కువ మిగిలితే వేడి. దానికి తెలిసింది అంతే.

ఇప్పుడు వైరు తెగిందనుకోండి. 5 వోల్టులకి 5 వోల్టులూ మిగిలిపోతాయి. మాడ్యూల్‌కి అది వైరు తెగినట్టు కాదు, భరించలేని చలి పెట్టినట్టు కనిపిస్తుంది. దాని లెక్క మైనస్ 40 దగ్గర ఆగిపోతుంది. ఈ 40 ఎందుకంటే, స్కానర్‌కి (కారు లోపలి లెక్కల్ని చదివే పరికరం) కారు పంపే ప్రామాణిక లెక్కలో బయటి గాలి టెంపరేచర్‌కి ఒకే ఒక్క బైటు ఉంటుంది. 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె వస్తుంది, అందులోంచి 40 తీసేసి డిగ్రీలుగా చదువుకోవాలి. సున్నా వస్తే మైనస్ 40. అమెరికాలో ఉండే మనవాళ్ళు ఫారెన్‌హీట్‌లో చూసుకున్నా ఇదే అంకె కనపడుతుంది, ఎందుకంటే రెండు కొలతలూ కలిసేది సరిగ్గా మైనస్ 40 దగ్గరే. కొన్ని బళ్ళు అంకె చూపించవు, రెండు అడ్డగీతలు వేసి ఊరుకుంటాయి.

దీంట్లోంచి ఒక మంచి గుర్తు దొరుకుతుంది. ఉన్నదానికంటే చల్లగా చూపిస్తే వైరు తెగిందో, పిన్ను వదులైందో, తుప్పు పట్టిందో అనుకోవాలి. ఉన్నదానికంటే వేడిగా చూపిస్తే వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయో, కప్లర్‌లో నీళ్ళు చేరాయో, సెన్సార్ వేడి వస్తువుకి ఆనుకుని ఉందో అనుకోవాలి. తుప్పు దారిలో అడ్డం పడుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది చలిలా కనిపిస్తుంది. నీళ్ళు పక్కదారి ఇస్తాయి, రెసిస్టెన్స్ తగ్గుతుంది, అది వేడిలా కనిపిస్తుంది. ఎర్రర్ కోడ్‌లలో కూడా ఇదే ఉంటుంది. పి0073 అంటే సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువ, అంటే తెగింపు వైపు. పి0072 అంటే వోల్టేజీ తక్కువ, షార్టు వైపు. పి0074 అంటే వస్తూ పోతూ ఉన్న కనెక్షన్. పి0071 ఇంకో రకం, అంకె వస్తోంది గానీ నమ్మేలా లేదని. మీ బండిలో కోడ్ ఉంటే 73 గానీ 74 గానీ అయి ఉండాలి.

ఇక ఏసీకీ దీనికీ లంకె. బయట బాగా చలిగా ఉన్నప్పుడు కంప్రెసర్ తిరగడం దానికే మంచిది కాదు. కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టొచ్చు, గ్యాస్ ప్రెషర్ పడిపోయి కంప్రెసర్‌కి ఆయిల్ సరిగ్గా అందకపోవచ్చు. అందుకని చాలా బళ్ళు బయట నాలుగైదు డిగ్రీల కంటే తక్కువ ఉంటే కంప్రెసర్‌ని ఆన్ కానివ్వవు. ఆటోమేటిక్ ఏసీ అయితే ఇంకో అడుగు ముందుకేసి, బయట గడ్డకట్టే చలి ఉందని నమ్మి లోపలి ఫ్లాపుల్ని హీటర్ వైపు తిప్పేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మీ మొహం మీదకి వేడిగాలి కొట్టింది అందుకే. ఏసీ తన పని తాను సరిగ్గానే చేసింది, దానికి అందిన సమాచారం తప్పు. నాబ్ తిప్పే మామూలు ఏసీ ఉన్న కొన్ని బళ్ళలో ఈ సెన్సార్ మీటర్‌లో చూపించడానికి మాత్రమే ఉంటుంది, అక్కడ ఏసీకి ఇబ్బంది రాదు. మీ బండిలో మైనస్‌ వచ్చినప్పుడే చల్లదనం పోతోందని మీరే గమనించి రాశారు. ఆ ఒక్క వాక్యంతోనే సగం రోగం తేలిపోయింది. గ్యాస్ తక్కువైతే ఏసీ మీటరు అంకెను చూసి పనిచేయదు కదా.

ఎక్కడుంటుంది

ఎక్కువ బళ్ళలో ముందు గ్రిల్ వెనక, కండెన్సర్‌కి (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే, రేడియేటర్ లాంటి జాలీ) ముందు, బంపర్ మధ్యలోనో ఒక పక్కకో క్లిప్పుకి తగిలించి ఉంటుంది. బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ ముక్క, వెనక రెండు పిన్నుల కప్లర్. కొన్ని బళ్ళలో సైడ్ అద్దం కింద ఉంటుంది, అద్దం అడుగున చిన్న బొడిపెలా కనిపిస్తుంది. ఇంజిన్ పీల్చే గాలి టెంపరేచర్ చూసే సెన్సార్ వేరు, అది ఎయిర్ ఫిల్టర్ పక్కన ఉంటుంది. షాపులో ఆ రెండింటినీ కలిపేసి ఒకదానికి బదులు ఇంకోటి మార్చిన సందర్భాలున్నాయి, అందుకని మీరు చూపించే చోటే వాళ్ళు చెయ్యి పెడుతున్నారో లేదో గమనించండి.

చెయ్యి పెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే రేడియేటర్ ఫ్యాను చెప్పాపెట్టకుండా తిరగొచ్చు, వేళ్ళు దూరంగా ఉంచండి. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ముందు భాగంలోనే చాలా బళ్ళకి ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ కూడా ఉంటుంది. పసుపు కప్లర్ గానీ పసుపు తొడుగు గానీ కనిపిస్తే దాన్ని ఊడదీయకండి, మీటరు పెట్టకండి. మూడు పిన్నులున్నది ఏసీ ప్రెషర్ సెన్సార్ కావచ్చు, అది కూడా మీకు కావాల్సింది కాదు.

పనిముట్లు లేకుండా మొదటి పరీక్ష

రాత్రంతా బండి బయట ఉంచండి. తెల్లవారుజామున స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి అంకె చూడండి. ఆ వేళలో బండి మొత్తం ఒకే టెంపరేచర్‌లో ఉంటుంది. బ్లూటూత్ స్కానర్ ఒకటి ఉంటే పని ఇంకా తేలిక. కూలెంట్ టెంపరేచర్, ఇంజిన్ పీల్చే గాలి టెంపరేచర్, బయటి గాలి టెంపరేచర్ మూడూ పక్కపక్కన పెట్టుకోండి. ఎనిమిది గంటలు నిలబడిన బండిలో ఈ మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. రెండు 27 అంటుంటే మూడోది 18 అంటే దోషి ఎవరో తెలిసిపోయినట్టే. అన్ని బళ్ళూ బయటి గాలి అంకెను మామూలు స్కానర్‌కి ఇవ్వవు, ఇవ్వకపోతే మీటర్‌లో ఉన్న అంకెనే పోల్చుకోండి.

స్కానర్‌లో సరైన అంకె వస్తూ మీటర్‌లో మాత్రం తప్పు చూపిస్తుంటే సెన్సార్, వైర్లు రెండూ బాగున్నాయని అర్థం. అది అరుదు.

కప్లర్ దగ్గర

ఇగ్నిషన్ ఆఫ్ చేసి కప్లర్ లాకుని గోటితో ఎత్తి లాగండి. ఎండకి, ఇంజిన్ వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది, స్క్రూడ్రైవరు పెట్టి తన్నితే లాకు విరిగిపోతుంది. విరిగిన లాకుతో మళ్ళీ పెడితే బాగా తగులుకున్నట్టే ఉంటుంది గానీ రోడ్డు మీద రెండు గుంతలు దాటగానే వెనక్కి జరుగుతుంది. మీ బండి కథ ఇదేనని నా అనుమానం. బంపర్ పనిచేసినవాళ్ళు ఊడదీసి మళ్ళీ పెట్టారు, టక్కుమనే శబ్దం వచ్చేదాకా నొక్కలేదు. వారం రోజులు ఎలాగో నిలబడింది.

ఊడదీశాక లోపల చూడండి. పిన్నులు రాగి రంగులోనో వెండి రంగులోనో మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చటి పొడి కనిపిస్తే తుప్పు. ఆడ వైపు పిన్ను నోరు తెరుచుకుని ఉందా, ఏదైనా పిన్ను వెనక్కి వెళ్ళిపోయిందా, లోపలి రబ్బరు రింగు ఉందా లేదా చూడండి. ఆ రబ్బరు రింగు జారి పడిపోయి ఉంటే వానాకాలంలో మళ్ళీ ఇదే గొడవ వస్తుంది. వైరుని పట్టుకుని ఒక్కొక్కదాన్నే మెల్లగా లాగండి. లోపల రాగి తెగి పైతొడుగు మాత్రం ఉంటే, లాగినప్పుడు ఆ చోట వైరు రబ్బరులా సాగుతుంది. మంచి వైరు సాగదు. కంటికి కనపడని తెగింపు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

ఇలా చూస్తుండగానే సగం బళ్ళు బాగైపోతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, టక్కుమనేలా పెట్టండి. పెట్రోలు పోసి కడగకండి, రబ్బరు పాడవుతుంది.

ఐసునీళ్ళతో సెన్సార్ పరీక్ష

సెన్సార్ ఊడదీసి చేతిలోకి తీసుకోండి. మల్టీమీటరుని ఓమ్‌లలో పెట్టి రెండు పిన్నుల మధ్య కొలవండి. అంకె ఎంత రావాలన్నది బండిని బట్టి ఉంటుంది. ఎక్కువగా కనిపించే రకం 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉంటుంది. ఆ రకం 30 డిగ్రీల గదిలో సుమారు 8 చూపిస్తుంది, 40 డిగ్రీల దగ్గర 5.3, సున్నా దగ్గర 32 నుంచి 33. చాలా టొయోటా మోడళ్ళలో 25 డిగ్రీల దగ్గర 1.6 నుంచి 1.8 కిలో ఓమ్‌లే ఉంటుంది. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లోని పట్టిక దొరికితే అదే ప్రమాణం.

పట్టిక దొరక్కపోయినా పరీక్ష ఆగదు. సెన్సార్‌ని పిడికిట్లో పట్టుకోండి. 10 కిలో ఓమ్‌ల రకమైతే 8 దగ్గర మొదలైన అంకె నింపాదిగా దిగుతూ 7 దరిదాపులకి వస్తుంది. మధ్యలో ఎగరకూడదు, ఆగిపోకూడదు, ఉన్నట్టుండి ఖాళీ చూపించకూడదు. తర్వాత గ్లాసులో ఐసుముక్కలు చితక్కొట్టి కొంచెం నీళ్ళు పోసి చెంచాతో తిప్పండి. ఐసు, నీళ్ళు కలిసి ఉన్నంతసేపు అది సున్నా డిగ్రీలే, థర్మామీటరు అక్కర్లేదు. సెన్సార్‌ని పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి పిన్నులు తడవకుండా ముంచి రెండు మూడు నిమిషాలు ఆగండి.

ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. చవక మీటర్లో 20 కిలో ఓమ్‌ల రేంజ్ పెట్టి ఐసులో ముంచితే, అంకెలన్నీ పోయి ఎడం పక్కన 1 ఒక్కటే మిగులుతుంది. దొరికిపోయింది, సెన్సార్ ఓపెన్, అంటే లోపల తెగిపోయింది అని పక్కన పారేస్తారు. నిజానికి సెన్సార్ 32 చూపిస్తోంది, మీటరు 20 దాటి చూడలేకపోతోంది, అంతే. ఐసు పరీక్షకి 200 కిలో ఓమ్‌ల రేంజ్‌కి తిప్పుకోండి. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఇలాగే ఒక మంచి సెన్సార్‌ని చెత్తబుట్టలో వేశాడు. బయటికి తీసి తుడిచి అదే బండికి పెట్టాం, ఇప్పటికీ నడుస్తోంది.

వైరు, మాడ్యూల్ వైపు పరీక్ష

సెన్సార్ ఊడదీసి ఉండగానే ఇగ్నిషన్ ఆన్ చేసి, వైర్ల వైపు కప్లర్‌లో రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టులు చూడండి. 5 దగ్గర్లో రావాలి. వస్తే మాడ్యూల్ నుంచి ఇక్కడిదాకా దారి బాగానే ఉందన్నమాట. రాకపోతే ఒక్కో పిన్నునీ బాడీ ఎర్త్‌తో, అంటే బండి ఇనుప భాగంతో కొలవండి. ఒకదాంట్లో 5 వస్తూ, రెండు పిన్నుల మధ్య మాత్రం రాకపోతే ఎర్త్ వైరు తెగింది. దేంట్లోనూ రాకపోతే సిగ్నల్ వైరు తెగి ఉండాలి, లేదా ఎక్కడో బాడీకి తగులుతూ ఉండాలి. ఈ రెండూ కాదని తేలాకే మాడ్యూల్ మాట ఎత్తాలి.

దయచేసి ఇక్కడ బల్బు టెస్టర్ వాడకండి. మన షాపుల్లో చేతికందేది అదే, నేనూ మొదట్లో దాంతోనే పని నేర్చుకున్నాను. హారన్‌కీ హెడ్‌లైట్‌కీ అది బాగుంటుంది. ఈ వైర్లలో పారేది చీమ తల అంత కరెంటు. బల్బు దానికి వందల రెట్లు లాగుతుంది, మాడ్యూల్ దెబ్బతినొచ్చు. 12 వోల్టుల వైరు అయితే పొరపాటున కూడా తగలనివ్వకూడదు.

5 వోల్టులు వచ్చినా ఇంకా అనుమానం మిగిలితే ఒక చిన్న ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఎలక్ట్రానిక్స్ షాపులో 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒకటి తీసుకోండి, రూపాయో రెండో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులోనైనా ఇస్తారు. దాని కాళ్ళు వంచి సెన్సార్ బదులు కప్లర్‌లో గుచ్చండి. మీ బండి 10 కిలో ఓమ్‌ల రకమైతే స్కానర్‌లో అంకె 25 దగ్గరికి వచ్చి నిలబడాలి. వచ్చిందా, మాడ్యూల్ నిక్షేపంగా ఉంది, వైరు బాగుంది, ఇక తప్పు సెన్సార్‌దే. ఆ రూపాయి రెసిస్టరు చాలా మాడ్యూళ్ళని కాపాడింది. దాన్ని అలాగే వదిలేసి తిరగకండి, బండి ఎప్పుడూ 25 డిగ్రీలనుకుంటూ ఏసీని నడుపుతుంది. 

మీ బండిలో అంకె వస్తూ పోతూ ఉంది కాబట్టి కదిపి చూడాలి. ఒకరు లోపల స్కానర్ చూస్తూ ఉండండి, ఇంకొకరు కప్లర్ దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున వైరుని కదుపుతూ వెళ్ళండి. ఎక్కడ కదిపితే అంకె మైనస్‌కి దూకుతుందో అక్కడే తెగింపు.

నా దగ్గరికి వచ్చిన కొన్ని బళ్ళు

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి అజిత్‌సింగ్ నగర్ వైపు మునిగిన బళ్ళు నెలల తరబడి మా దగ్గరికి వచ్చాయి. వాటిలో ఒకటి, నవంబరులో, బయట 32 ఉంటే 24 చూపిస్తోంది. మైనస్ 40 కాదు, నమ్మదగ్గ అంకె, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఆటోమేటిక్‌లో పెడితే ఏసీ మందంగా పనిచేస్తోందని బండి ఓనరు బాధ. సెన్సార్ ఊడదీసి కొలిస్తే 7.4 కిలో ఓమ్‌లు, 32 డిగ్రీలకి సరిగ్గా సరిపోయింది. సెన్సార్ మళ్ళీ పెట్టి, మాడ్యూల్ దగ్గర కప్లర్ తీసి అక్కణ్ణుంచి కొలిస్తే 10.4. మధ్యలో 3 కిలో ఓమ్‌లు ఎక్కడినుంచి వచ్చాయి? బంపర్ లోపలి కప్లర్‌లో పిన్ను మీద ఆకుపచ్చ తుప్పు. కొత్త పిన్నులు వేశాం, అంకె 32కి వచ్చింది. సెన్సార్ మార్చి ఉంటే డబ్బూ పోయేది, తేడా కూడా అలాగే ఉండేది.

ఇంకో బండి మీ బండికి దగ్గర చుట్టం. బంపర్ పనిచేసిన చోట సెన్సార్ క్లిప్పు విరిగితే, ప్లాస్టిక్ టైతో దాన్ని కండెన్సర్ పైపుకి బిగించేశారు. హైవే మీద 39, ట్రాఫిక్‌లో 58. ఏసీ నడుస్తుంటే కండెన్సర్ పైపు కాలిపోతూ ఉంటుంది, సెన్సార్ ఆ వేడినే చెప్పింది పాపం. విప్పి గాలి తగిలే చోట, ముందు క్రాస్ బార్ మీద పెట్టాం.

మూడోది సైడ్ అద్దంలో సెన్సార్ ఉన్న బండి. డోర్ తీసినప్పుడల్లా మైనస్ 40, వేస్తే మామూలు. డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వైరు వేల సార్లు వంగి లోపలే తెగింది. అద్దం మొత్తం మార్చమని చెప్పారట అంతకుముందు. జానెడు వైరు వేసి, టంకం పెట్టి, స్లీవ్ తొడిగి పంపించాం.

టంకం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తాను. బంపర్ దగ్గర వైరు మెలిపెట్టి టేపు చుట్టడం పని కాదు. అక్కడ వాన, బురద, వాటర్ వాష్ అన్నీ పడతాయి. టంకం పెట్టి, వేడి చేస్తే ముడుచుకునే స్లీవ్, వీలైతే లోపల జిగురున్న రకం, తొడగండి. ఎలకలు కొరికిన చోటైతే పక్కనున్న వైర్లన్నీ ఒకసారి తడిమి చూడండి, ఎలక ఒక్క వైరుతో ఆగదు.

కొత్త సెన్సార్ వేశాక కూడా అంకె మారకపోతే

దీని గురించి తెలియక నేనే ఒకప్పుడు ఒక కస్టమరు గారిని రెండు రోజులు తిప్పాను. కొత్త సెన్సార్ వేశాను, అంకె 19 దగ్గరే ఉండిపోయింది, బయట మండే ఎండ. ఇంకో సెన్సార్ తెప్పించి వేశాను, మళ్ళీ 19. ఆయన విసుగొచ్చి అలాగే ఏలూరు వెళ్ళిపోయారు. హనుమాన్ జంక్షన్ దాటేలోపు అంకె దానంతటదే 37కి వచ్చిందని ఫోన్ చేశారు.

కారణం ఇదీ. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేడి బంపర్ దాకా వస్తుంది, ఆ వేడిని బయటి టెంపరేచర్ అనుకోకుండా ఉండటానికి చాలా బళ్ళలో మాడ్యూల్ ఒక జాగ్రత్త తీసుకుంటుంది. అంకె తగ్గితే వెంటనే ఒప్పుకుంటుంది. పెరిగితే మాత్రం బండి కాస్త వేగంగా కొన్ని నిమిషాలు నడిచి, ముందు నుంచి తాజా గాలి తగిలేదాకా ఒప్పుకోదు. ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పాత అంకెనే గుర్తుపెట్టుకుని చూపిస్తుంది. అందుకని రిపేరు అయ్యాక షాపులో నిలబెట్టి తీర్పు చెప్పకండి, బైపాస్ మీద 50 స్పీడులో పదిహేను నిమిషాలు నడిపి చూడండి. ఆగిన బండిలో నిజం తెలియాలంటే స్కానర్‌లో సెన్సార్ అసలు అంకె చూడాలి.

రోగం కాని రోగాలు

ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పెట్టిన బండి ఎక్కగానే 47 చూపిస్తోంది, ఫోన్లో మాత్రం 42 అంటోంది, సెన్సార్ పోయిందా అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. పోలేదు. వాతావరణ శాఖ థర్మామీటరు నీడలో, గాలాడే పెట్టెలో, నేలకి నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. మీ సెన్సార్ కాలుతున్న తారురోడ్డుకి అడుగున్నర ఎత్తున ఉంటుంది. నడుస్తున్నప్పుడు కూడా మూడు నాలుగు డిగ్రీల తేడా సహజం. హైవే మీద పావుగంట నడిచాక కూడా పది డిగ్రీల తేడా ఉంటే అప్పుడు రండి.

ఒకాయన డిసెంబరులో లంబసింగి వెళ్ళి, తెల్లవారుజామున మీటర్‌లో మంచు గుర్తు వెలిగి టింగుమని మోగిందని కంగారుపడి ఫోన్ చేశారు. అదీ రోగం కాదు. చాలా బళ్ళు బయట 3, 4 డిగ్రీలకి దిగితే రోడ్డు మీద మంచు కట్టొచ్చని హెచ్చరిస్తాయి. చలిదేశాల రోడ్ల కోసం పెట్టిన ఏర్పాటు, మన దగ్గర లంబసింగి లాంటి చోట్ల తప్ప దాని గొంతు వినపడదు. ఆయన సెన్సార్ నూటికి నూరుపాళ్ళూ బాగుంది.

కొనాల్సే వస్తే

పరీక్షల్లో సెన్సారే పోయిందని తేలితే పార్ట్ నంబరు చూసి కొనండి. ఆకారం ఒకటే, కప్లర్ ఒకటే, లోపలి విలువ వేరు, ఇలాంటివి మార్కెట్లో చాలా ఉన్నాయి. 10 కిలో ఓమ్‌ల బండికి 5 కిలో ఓమ్‌ల సెన్సార్ పెడితే 25 డిగ్రీల రోజున 41 చూపిస్తుంది, పైగా అదేం తప్పు అంకెలా కూడా కనిపించదు. కౌంటర్ మీదే పాతదీ కొత్తదీ రెండూ కొలిచి చూడండి. పాతది పూర్తిగా చచ్చిపోయి ఉంటే పట్టికతో పోల్చండి. ఈమధ్య వచ్చిన బళ్ళలో ఈ అంకెను ఏసీతో పాటు ఇంజిన్ పొగ నియంత్రణ, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే ఏర్పాటు కూడా వాడుకుంటాయి, కాబట్టి ఏదో ఒకటి పెట్టేస్తే సరిపోదు.

చివరిగా మీ గ్యాస్ సంగతి. ఇది మీరు అడగలేదు గానీ నాకు దీని గురించే ఎక్కువ బెంగగా ఉంది. కంప్రెసర్ తిరగని బండికి గేజ్ చూసి గ్యాస్ ఎంతుందో చెప్పడం కుదరదు. మీకు అలాగే నింపి ఉంటే, నిండుగా ఉన్న బండిలోనే ఇంకా పోసి ఉండొచ్చు. వైరు బాగయ్యాక కంప్రెసర్ సరిగ్గా తిరగడం మొదలుపెడితే ప్రెషర్ హద్దు దాటి కట్ అవుతూ ఉంటుంది. అప్పుడు మళ్ళీ ఎవరో ఒకరు కంప్రెసర్ పోయిందంటారు. కాబట్టి కప్లర్ సరిచేసుకున్నాక, గ్యాస్ తీసి తూచే మెషిన్ ఉన్న షాపుకి వెళ్ళండి. ఉన్న గ్యాస్ మొత్తం తీయించి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసి ఉందో సరిగ్గా అన్నే తూచి వేయించండి. తీసినప్పుడు ఎన్ని గ్రాములు వచ్చిందో ఆ కాగితం అడిగి తీసుకోండి.